ఊరందరికీ ఒకటే కడుపు

ఆళ్లగడ్డ పట్టణ ప్రజలకు, ఇది చదివే బయటి ఊళ్లవాళ్లకు తెలియజేయడమేమనగా, మన 'నిరపాయ దూరవైద్య కేంద్రం' ప్రారంభమైన నాటి నుంచి ఈ మధ్య జరిగిన ఒక్క దురదృష్టకర సంఘటన దాకా, ఏ రోగికీ డాక్టరు చేతిలో ఎటువంటి హానీ జరగలేదు. డాక్టరు చేయి ఏ రోగి మీదా పడకపోవడమే అందుకు కారణమని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల మాటలను మా సంఘం రికార్డు చేయదు. మాది దూరవైద్య భద్రతా పర్యవేక్షక సంఘం. నేను దానికి కార్యదర్శిని. భద్రతకు భంగం కలిగినట్టు ఎవరికీ తెలియకుండా చూసుకోవడం మా బాధ్యత, దాన్ని మేము నిష్ఠగా నెరవేరుస్తున్నాం.

ముందు డాక్టరుగారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. హరీశ్ నంద్యాల కుర్రాడు. చదువులో బంగారం. మనసు కూడా మంచిదే, అందులో సందేహం లేదు. మొదట్లో అతను బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చి, మేనమామ భాస్కరయ్య మందుల షాపు వెనక గదిలో కూర్చుని రోగుల్ని చూసేవాడు. చూడడమంటే పాత పద్ధతిలోనే లెండి: నాడి పట్టుకోవడం, వీపు మీద తట్టడం, కడుపు నొక్కడం. ఒక సాయంత్రం పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన్ని ట్రాక్టరులో తెచ్చి అతని ముందు పడుకోబెట్టారు. ప్రాణం దారిలోనే పోయింది. ఆ మాట బయటపెట్టినందుకు బంధువులు కుర్చీ విరగ్గొట్టి, కళ్లజోడు పగలగొట్టి, భాస్కరయ్య గల్లాపెట్టె దాకా వెళ్లారు. వైద్యంలో భద్రత ఎంత ముఖ్యమో డాక్టరుగారికి ఆ సాయంత్రమే తెలిసివచ్చింది.

తర్వాత అతను మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కలేదు. షాపు వెనక గదిలో ఒక టీవీ పెట్టించాడు. దానికి తీగతో ఒక చిన్న కెమెరా తగిలించాడు. ఒక స్టూలు, ఒక తెర, ఒక బీపీ మిషను, జ్వరం చూసే మిషను. గోడ మీద 'దూరంగా ఉందాం, క్షేమంగా ఉందాం' అని రంగు అక్షరాల్లో రాయించారు. రోగి ఆళ్లగడ్డలో, డాక్టరు నంద్యాలలో. రోగి తాలూకు మనుషులకు ఎంత కోపం వచ్చినా చేయి నంద్యాల దాకా చాలదు. ఇంతకన్నా భద్రమైన వైద్యం ఈ భూమ్మీద ఉంటే చూపించమనండి.

మా ప్రాంతంలో ఒక మంచి అలవాటు ఉంది. ఇంటికి సంబంధించిన పని ఏదైనా సరే, ఇంట్లో బాగా మాట్లాడగలిగినవాడే వెళ్తాడు. బ్యాంకుకైనా, ఆఫీసుకైనా, పెళ్లిమాటలకైనా అంతే. పని ఎవరిదన్నది ముఖ్యం కాదు, నోరు ఎవరిదన్నదే ముఖ్యం. డాక్టరు దగ్గరికి కూడా ఆ పద్ధతిలోనే వెళ్లడం మొదలుపెట్టాం. పాత రోజుల్లో రోగిని తీసుకురాక తప్పేది కాదు. ఇప్పుడు డాక్టరే రానప్పుడు రోగి మాత్రం ఎందుకు రావాలి? కమలాక్షమ్మ మోకాళ్ల నొప్పుల గురించి ఆమె అల్లుడు వచ్చి చెప్పాడు. మోకాలు వంచి చూపమని డాక్టరు అడిగితే అల్లుడు తన మోకాలే వంచి చూపాడు. చక్కగా వంగింది. డాక్టరుగారు సంతోషించి రోజూ ఓ మైలు నడవమని చెప్పారు. కమలాక్షమ్మ అప్పటికి గడప దాటి చాలా కాలమైంది.

ఈ పద్ధతిలో ఒక చిన్న చిక్కు వచ్చింది. అత్తగారి తలనొప్పి గురించి చెప్పడానికి వచ్చిన ఒకాయనకు బీపీ చూస్తే మిషను అదిరిపోయింది. మాత్రలు రాశారు. ఆ మాత్రలు అత్తగారు మింగి వారం పాటు గోడలు పట్టుకుని తిరిగారు. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. చర్చ చాలాసేపు సాగింది. రోగిని తీసుకొస్తే పోలేదా అని ఎవరో అన్నారు గానీ, అది ఖర్చుతో, ఎండతో, ఆడవాళ్లయితే మర్యాదతో కూడిన వ్యవహారమని కొట్టిపారేశాం. చివరికి తేలిందేమంటే, నోరు ఎవరిదైనా ఫర్వాలేదు, ఒళ్లు మాత్రం నమ్మకమైనది కావాలి.

అలా జకరయ్యను నియమించాం. జకరయ్య అహోబిలం దారిలో భక్తుల్ని ఎక్కించుకుని జీపు తోలేవాడు. తలుపంత ఛాతీ. ఏం తిన్నా అరుగుతుంది, యాడ పడుకున్నా నిద్ర పడుతుంది. బీపీ చూస్తే పుస్తకంలో ఎంత ఉండాలో అంతే ఉంటుంది. భాస్కరయ్య అతన్ని షాపులోనే ఒక బల్ల మీద కూర్చోబెట్టాడు. డాక్టరు నాలుక అడిగితే జకరయ్య నాలుక, కన్ను అడిగితే జకరయ్య కన్ను, వేలికి సూది గుచ్చాలంటే జకరయ్య వేలు. అడగని అవయవం చూపడం డేటా దండగని భాస్కరయ్య సిద్ధాంతం కాబట్టి, కెమెరా ఏనాడూ జకరయ్య మొహం మీదికి పోలేదు. ఆడమనిషి కడుపు మీద అన్ని వెంట్రుకలేమిటని డాక్టరు మొదట్లో ఒకసారి అడిగాడు. నెట్‌వర్కు సరిగా లేదని మామ సర్దిచెప్పాడు.

ఆ రోజు నుంచి ఆళ్లగడ్డ ఆరోగ్యం పరుగులు పెట్టింది. ఊరిలో బీపీ మాయమైంది. షుగరు పోయింది. అందరి గుండెలూ ఒకటే లెక్కన కొట్టుకోసాగాయి. సంప్రదింపు అయిపోగానే టీవీ మీద చుక్కలు వస్తాయి, మీ తృప్తిని తెలపండి అని. అవీ జకరయ్యే నొక్కేవాడు, ఎప్పుడూ ఐదే. జకరయ్యకు బొడ్డు పక్కన కందిగింజంత మచ్చ ఒకటి ఉంది. ముసలి, పడుచు, ఆడ, మగ అన్న తేడా లేకుండా ఆళ్లగడ్డ కడుపులన్నిటి మీదా ఆ మచ్చ ఉండడం గమనించి డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. దాని మీద పరిశోధన చేశారు. ఒకే ఊరివాళ్లు ఒకే ఊరివాళ్లను తరతరాలుగా పెళ్లాడడం వల్ల వచ్చిన లక్షణమని ఒక పెద్ద నగరంలో డాక్టర్ల సభలో వ్యాసం చదివితే అందరూ చప్పట్లు కొట్టారట. మా ఊరికి ఇంత పేరు ఎప్పుడూ రాలేదు.

ఇక లూదియమ్మ సంగతి. ఇది నేను చెప్పక తప్పదు, ఎందుకంటే గిట్టనివాళ్లు ఇప్పటికే తమకు తోచినట్టు చెప్పేశారు.

లూదియమ్మ మా శాంతయ్య సారు భార్య. సారు మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం ఉడికి దిగిపోతుంది. ఊరిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, నాతో సహా. లూదియమ్మ స్త్రీల కూడికలో పాటలు నేర్పుతుంది. ఆమె గొంతెత్తితే మైకు అక్కర్లేదు. అంత గొంతు ఉండీ తన సంగతి తాను చెప్పుకోవడం మాత్రం ఆమెకు చేతకాదు. ఇంటి మాట మాట్లాడేది సారే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. అన్నం వదిలేసి పడుకుంది. మర్నాడు పొద్దున కాఫీ రాకపోవడంతో సారుకు అనుమానం వచ్చింది. విషయం తెలిశాక కంగారుపడి చొక్కా తొడుక్కున్నారు. నేనూ వస్తానని ఆమె లేచింది. ఎండన పడి నువ్వెందుకు, నేను పోయి చెప్తా గదా అని ఆయన ఆపారు. ప్రేమతోనే ఆపారు, ఆ సంగతి ఎవరూ కాదనలేరు.

టీవీలో డాక్టరుగారు బాగున్నారా సార్ అని పలకరించారు. దేవుని కృప వల్ల బాగుండామని సారు జవాబిచ్చారు. మా ఊరి చర్చి కుటుంబాల్లో ఇది ఆనవాయితీ. కడుపులో కత్తి దిగినా ముందు ఆ మాట చెప్పి, తర్వాతే కత్తి సంగతి ఎత్తుతారు. డాక్టరుగారు వెంటనే 'రోగి పరిస్థితి నిలకడ' అని కంప్యూటర్లో కొట్టుకున్నారు. ఆ తర్వాత సారు, మా ఇంటామెకు కడుపులో నొస్తాండాదంట అని మెల్లగా అసలు సంగతి చెప్పారు.

డాక్టరుగారిని తప్పు పట్టడానికి లేదు. పుస్తకంలో ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే అన్నీ అడిగారు. కడుపు కుడివైపు, కింద నొక్కి చూపమన్నారు. హెడ్మాస్టరుగా చేసిన మనిషి బజారులో చొక్కా ఎత్తి కూర్చోలేరు కదా. జకరయ్య బల్ల మీది నుంచి లేచి, అలవాటు ప్రకారం చొక్కా పైకి లాగి స్టూలు మీద కూర్చున్నాడు. భాస్కరయ్య నొక్కాడు.

"నొప్పి ఉందా?" అన్నారు డాక్టరుగారు.

"ల్యాదు సార్," అన్నాడు జకరయ్య. అబద్ధమాడే మనిషి కాదు.

"నొక్కి వదిలినప్పుడు?"

"అప్పుడూ ల్యాదు. కితకితలు అయితాండాయి."

నొప్పి లూదియమ్మది, మాట శాంతయ్య సారుది, కడుపు జకరయ్యది, చేయి భాస్కరయ్యది, నిర్ణయం నంద్యాలది. ఇంతమంది కలిసి ఒక రోగికి సేవ చేయడం ఏ పెద్దాసుపత్రిలోనైనా చూశారా? గ్యాస్ అని తేలింది. మాత్రలిచ్చారు. జకరయ్య ఐదు చుక్కలూ నొక్కాడు.

మరుసటి రోజుకు నొప్పి కుడిపక్కకు దిగింది. వాంతులయ్యాయి. ఒళ్లు కాలిపోతోంది. ఆమె గోడకు ఆనుకుని, ఈసారి నన్ను తీసుకోనిపోండి అని అడిగింది. ఇంత నొప్పితో ఆటో కుదుపులు పడగలవా అని సారు మళ్లీ ఒక్కరే వెళ్లారు. జ్వరం మిషను జకరయ్య నోట్లో పెట్టారు. జ్వరం లేదు. నాలుక చూపమంటే చూపాడు. అప్పుడే మిరపకాయ బజ్జీలు తిని వచ్చాడేమో, ఎర్రగా మండిపోతోంది. డాక్టరుగారు నొసలు చిట్లించి, ఆమెకు కారం పూర్తిగా మాన్పించాలి అన్నారు. ఆమె అప్పటికి మంచినీళ్లు కూడా నిలుపుకోలేకపోతోంది.

ఇంటికి వచ్చి, జ్వరం లేదంట లూదియా, భయపడొద్దు అని సారు ఆమె నుదుటి మీద చేయి వేశారు. చేయి చురుక్కుమంది. ఆయన చేయి తీసి ఓసారి దానివంక చూసుకున్నారు. మిషను తప్పు చెప్పదు, డాక్టరు తప్పు చెప్పడు, ఇక మిగిలింది తన అరచేయే కదా. రాత్రి చాలాసేపు మోకాళ్ల మీద ప్రార్థన చేశారు.

సరిగ్గా అదే వారంలో మా మూడేళ్ల భద్రతోత్సవం వచ్చిపడింది. ఆ సభలో డాక్టరుగారు టీవీలోనే పాల్గొనాలని ముందు అనుకున్నాం. కానీ ఉగాదినాడు ఇలాగే టీవీకి శాలువా కప్పితే బొమ్మ మొత్తం కప్పబడిపోయింది. ఆయన ప్రసంగమంతా శాలువా కింద నుంచి వినిపించింది. ముఖ్య అతిథిగా రాబోయే పెద్దాయన, ఈసారి మనిషికే కప్పుతాను, లేకుంటే నేను రాను అని పట్టుబట్టారు. భద్రతకు పూచీ మాది అని సంఘం రాసిచ్చాక డాక్టరుగారు ఒప్పుకున్నారు.

లబ్ధి పొందిన రోగుల తరపున కృతజ్ఞతలు చెప్పే గౌరవం శాంతయ్య సారుకు దక్కింది. సారు నాలుగుసార్లు తిరగరాసి, ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ బట్టీ పట్టారు. 'నా భార్య దూరవైద్యము చేత సంపూర్ణ స్వస్థత పొందినదని సభాముఖముగా తెలియజేయుచున్నాను.' చాప మీద ముడుచుకుని పడుకున్న ఆమె కళ్లు మూసుకునే విన్నది. ఒక్కటే అడిగింది, ఆ డాక్టరు టీవీలో వస్తాడా, మనిషే వస్తాడా అని. మనిషే వస్తాండాడని సారు గర్వంగా చెప్పారు. ఆమె గోడ పట్టుకుని లేచి, మంచి చీర కట్టుకుంది. తన ప్రసంగం వినాలన్న ఆశతోనే లేచిందని సారు మురిసిపోయారు. తర్వాత నాతోనే చెప్పారు, పాపం.

సభ బ్రహ్మాండంగా జరిగింది. భాస్కరయ్య స్వాగతం పలికాడు. ముఖ్య అతిథి భద్రత అనే మాటను ఎన్నిసార్లు పలకవచ్చో అన్నిసార్లు పలికారు. వైద్యుడికీ రోగికీ మధ్య ఎంత దూరం ఉంటే ఆప్యాయత అంత పెరుగుతుందన్నారు. డాక్టరుగారు తెర మీద బొమ్మ వేసి, ఆళ్లగడ్డ ప్రజల బొడ్డు పక్కన ఉండే మచ్చ గురించి వివరించారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టాక ఒక్కొక్కరమే కిందికి వంగి, చొక్కా సందులోంచి చూసుకున్నాం. ఎవరికీ మచ్చ కనబడలేదు. అయినా ఇంత చదువుకున్న మనిషి చెప్తుంటే, నాకు మచ్చ లేదు సార్ అని నిండు సభలో లేచి చెప్పుకోవడం ఎంత నామోషీ! నాకొక్కడికే లేదేమోనని అందరం ఊరుకున్నాం.

సారు మైకు ముందుకు వచ్చారు. నా భార్య దూరవైద్యము చేత, అన్నారో లేదో ముందువరసలో ఆమె లేచింది. నడుము సగానికి వంగిపోయి ఉంది. కుడిచేత్తో పక్కను అదిమిపట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వేదిక ఎక్కింది. సన్మానం చేయడానికి వస్తోందనుకుని కొందరు చప్పట్లు కూడా కొట్టారు. భాస్కరయ్య ఎదురెళ్లాడు.

"అమ్మా, మీ తరపున సారు చెప్తాండారు గదా. కూర్చోండి."

"నొప్పి నాదప్పా. ఆయప్పది కాదు," అన్నది లూదియమ్మ. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "సార్, ఈడ. చేయి పెట్టి చూడండి."

ఆ గొంతు గురించి ముందే చెప్పాను కదా. వెనక వరసల దాకా వినిపించింది.

డాక్టరుగారు బిత్తరపోయారు. మూడేళ్ల అలవాటు, కుడిచేయి మాట ఆపే మీట కోసం బల్ల మీద తడుముకుంది. అక్కడ మీట లేదు. ఎదురుగా మనిషి ఉంది, ఆమె నుదుటి మీద చెమట ఉంది. ఆ చెమట టీవీలో ఎప్పుడూ కనిపించి ఉండదు. వేదిక పక్కనే గది ఉంటే అక్కడికి తీసుకెళ్లారు. కూడిక ఆడవాళ్లు పరుగున వచ్చి, డాక్టరుగారికి కప్పిన శాలువానే తెరలా పట్టుకున్నారు. మచ్చ లేదే అని ఆయన అనడం ముందు వినిపించింది. ఈమె ఈ ఊరి మనిషి కాదా అని కూడా అడిగారు. ఈడ పుట్టి ఈడ పెరిగినామె సార్ అని ఆడవాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఆయన నొక్కి వదిలినట్టున్నారు. కేక వినిపించింది. ఆళ్లగడ్డ రోగి కేక నంద్యాల డాక్టరు చెవిన పడడం మూడేళ్లలో అదే మొదలు.

బయటికి వచ్చిన డాక్టరు వేరే మనిషి. మొహంలో ఆ సభా మర్యాద లేదు.

"బిరీన బండి తీయండి. నంద్యాల పోవాల."

ముఖ్య అతిథి కారు వెనకాల ఇరవై కార్లు అడ్డం ఉన్నాయి. తీసేందుకు దారి లేదు. జకరయ్య ఇన్నాళ్లూ మూలన పడేసిన జీపు తెచ్చాడు. హాలు వెనక గేటు తీయడానికి చేయెత్తితే అతని చొక్కా పైకి లేచింది. డాక్టరుగారు ఆ కడుపు వంక చూసిన చూపు నేను చూశాను. జీపు నంద్యాల రోడ్డెక్కాక నెమ్మదిగా అడిగారట, ఇంతకాలం నేను చూసింది నిన్నేనా అని.

"కడుపు నాదే సార్," అన్నాడు జకరయ్య. "రోగాలు మాత్రం ఊరోళ్లవి."

నంద్యాలలో ఆ సాయంత్రమే ఆమెకు ఆపరేషను జరిగింది. పేగు తోక, అదే అపెండిక్సు, చీము పట్టి పగలడానికి సిద్ధంగా ఉందట. ఇంకో పూట ఆగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని అక్కడి సర్జను చెప్పాడు. శాంతయ్య సారు వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, జేబులోని ప్రసంగం కాగితంతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. నన్ను బెత్తంతో కొట్టిన ఆ చేతికి నా రుమాలు అందించాను. సంఘం కార్యదర్శినైనా నేనూ మనిషినే కదా.

ఆమె గండం గడిచి బయటపడింది. మేమంతా యాపిల్ పండ్లు తీసుకుని వెళ్లాం. మంచం చుట్టూ నిలబడి, ఎట్లుండాది సార్ అని సారును అడిగాం. సారు నోరు తెరిచి ఏదో చెప్పబోయి, ఆగి, మంచం వైపు చూశారు.

"నన్నడగండప్పా," అన్నది ఆమె. "ఈడే ఉండాను గదా."

పండ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాం.

ఆ వారంలోనే సంఘం విచారణ జరిపింది. ఇంత తీవ్రమైన సంఘటన మా చరిత్రలో లేదు. దాన్ని నిష్పాక్షికంగా పరిశీలించాం. మూడేళ్లలో టీవీ ద్వారా చూసిన రోగుల్లో ఎంతమంది కడుపు కోయాల్సి వచ్చింది? ఒక్కరికీ లేదు. ఒక్క రోగిని డాక్టరు నేరుగా, చేయి పెట్టి చూశాడు. ఆమెకు పొద్దు గుంకకముందే కత్తి పడింది. చేయి పెట్టి చూడడం వల్ల ఆపరేషను అయ్యే అవకాశం నూటికి నూరు పాళ్లు అని మా లెక్కల్లో తేలింది. లెక్క వేసింది నేనే. నాకు బడిలో లెక్కలు చెప్పింది శాంతయ్య సారే.

ఇంతలో డాక్టరుగారు ఫోను చేసి, ఇకమీదట వారం వారం ఆళ్లగడ్డ వస్తానన్నారు. టీవీ తీసేయనక్కర్లేదు, చిన్న చిన్నవాటికి అదీ మంచిదే, కానీ రోగే వచ్చి కూర్చోవాలి, రోగే మాట్లాడాలి, అవసరమైతే నేను తాకి చూడాలి అన్నారు. మచ్చ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పారు. కుర్రాడు సభలో బాగా బెదిరిపోయాడని భాస్కరయ్య బాధపడ్డాడు. అతని క్షేమం కోరి, ఆళ్లగడ్డ రావద్దని బుజ్జగించాం. అయినా వస్తానంటున్నాడు. బస్సు ఎక్కుతాడట.

ఆ ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి ఇంటి పెద్దలందరితో సర్వసభ్య సమావేశం పెట్టాం. నేరుగా చూపించుకోవడం ప్రాణాపాయం కనుక, పాత పద్ధతే కొనసాగాలని తీర్మానం. చేతులు ఒక్కొక్కటిగా లేచాయి. ఆడవాళ్ల అభిప్రాయం తీసుకోలేదన్న మాట రాకూడదని అది కూడా తీసుకున్నాం, వాళ్ల వాళ్ల భర్తలను అడిగి. ముసలివాళ్ల అభిప్రాయం కొడుకులను అడిగాం. అందరికీ సమ్మతమే. జకరయ్య ఒక్కడు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఇంక నా ఒళ్లు చూపనప్పా, జీపు తోలుకుంటా అని వెళ్లిపోయాడు. ఇంకో నమ్మకమైన ఒళ్లు కోసం ప్రకటన ఇచ్చాం.

శాంతయ్య సారు వంతు వచ్చింది. మీ ఇంటి తరపున చేయెత్తండి సార్ అన్నాను. ఆయన చేయి సగం లేచి ఆగింది.

"ఆమెను అడగాల," అన్నారు.

"మీరు చెప్తే చాలు గదా సార్."

"చాలదప్పా," అని లేచి ఇంటికి వెళ్లిపోయారు. సారు ఆపరేషను దిగులు నుంచి ఇంకా తేరుకోలేదని రాసుకుని, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించాం.

ఇదీ జరిగిన సంగతి. మీరు చదువుకున్నవాళ్లు, ఆళ్లగడ్డ బయటివాళ్లు, ఇదంతా చూసి నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి, మాకేం కోపం లేదు. ఇంతదాకా ఓపికగా చదివారు, మర్యాదకు నేను కూడా ఒక మాట అడగాలి. మీ ఇంట్లో అందరూ కులాసాయేనా?

సంతోషం. ఎంత తొందరగా చెప్పారు! లోపలికి వెళ్లి, ఒకసారి వాళ్లను అడిగి వచ్చి చెబుతారేమోనని కాస్త ఆగాను.